ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

చీరాల-పేరాల సత్యాగ్రహ నాయకులుగా శ్రీ దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారిని ఎఱుగని తెలుగువారు అరుదు. వారు అభినయదర్పణ అనువాదకులని ఎఱిగినవారు మన ప్రాచ్యకళాశాలలలో సైతము కొలదిమందియే.

వీరు 1889 జూన్ 2వ తేదీన కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలునందు జన్మించిరి. పసితనముననే తల్లిదండ్రులను కోల్పోయిరి. 1911లో మిత్రులు నడింపల్లి నరసింహారావుగారితో కూడి విదేశమునకేగి, ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొందిరి. ఆనంద కుమారస్వామిగారును వీరును కలిసి ఆంగ్లీకరించిన నందికేశ్వరుని అభినయదర్పణమును 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రకటించినది. మనోమోహన్ ఘోష్‌గారి సంస్కృత పరిష్కరణము వెలువడినది 1934లో. పతాకాది హస్తముల వినియోగములను పరభాషలోనికి తెచ్చుట యెంత క్లేశమో ఆ గ్రంథమును పాఠము చెప్పినవారికే తెలియును. కుమారస్వామిగారి పేరు మాత్రమే ఉదాహరించి రెండవ పేరును విడుచు అలవాటు మనవారియందును కలదు. అది న్యాయము కాదు.

స్వదేశమునకు మరలిన పిదప రాజమహేంద్రవరమునను, బందరు జాతీయకళాశాలయందును కొంతకాలము అధ్యాపకులుగా నుండి, తుదకు చీరాల చేరిరి. అచ్చట వీరు కూర్చిన సేవాదళమే రామదండు. 1921 మార్చి చివర బెజవాడలో జరిగిన అఖిలభారత కాంగ్రెసు సంఘ సమావేశమున జనసమ్మర్దమును అదుపుచేసినది ఈ దండే.

1919లో ప్రభుత్వము చీరాల, పేరాల గ్రామములను కలిపి పురపాలకసంఘముగా చేయగా పన్నులు పెక్కురెట్లు పెరిగినవి. చేనేతవారు మొదలగు పేదలు వానిని భరింపలేకపోయిరి. 1921 ఏప్రిలులో చీరాలకు వచ్చిన గాంధీమహాత్ముడు ఊరు విడిచిపోవుట ఒక మార్గమని సూచించిరి. అందులకు కాంగ్రెసు ధనమును ఆశింపరాదనియు హెచ్చరించిరి. సుమారు 13 వేలమంది ఇండ్లు వీడి, పొలిమేర వెలుపల పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరిడి, పదునొకండు నెలలు ఎండవానల కోర్చిరి. అభినయదర్పణము అభినయమునకు ముందు సభను, సభాపతిని నిరూపించును. ఆ ప్రకరణమును అనువదించిన చేతులే ఇంతటి సభను నిలిపినవని నాకు తోచును.

ఆ శిబిరమును పోషించుటకు ధనము లేదు. ఈ యుద్యమకాలముననే బరంపురమున ప్రసంగనిషేధమును ఉల్లంఘించినందులకు గోపాలకృష్ణయ్యగారికి ఏడాది శిక్ష పడినది. తిరుచిరాపల్లి చెఱసాలకు పంపిరి. నాయకుడు లేని రామనగరము క్రమముగా ఖాళీయైనది. జనులు పాత యిండ్లకు మరలి పన్నులు చెల్లింపవలసివచ్చినది.

విడుదలైన పిమ్మట దారిద్ర్యమును, క్షయయును వారిని వెంటాడినవి. 1928 జూన్ 10న, ముప్పదితొమ్మిదవ యేట, కీర్తిశేషులైరి. అభినయదర్పణానువాదము 1936లో న్యూయార్కున పునర్ముద్రితమగునాటికి వారు గతించి ఎనిమిదేండ్లు.