పసి గొంతులను ఏకం చేసిన స్వరకర్త ఎం.బి. శ్రీనివాసన్

మలయాళ చలనచిత్ర సంగీతంలో విశిష్ట స్థానం సంపాదించిన ఎం.బి. శ్రీనివాసన్, జీవిత చరమాంకాన్ని బృందగానానికి అంకితం చేశారు. ఆయన పూర్తి పేరు మానామదురై బాలకృష్ణన్ శ్రీనివాసన్. 1925 సెప్టెంబరు 19న చిత్తూరులో జన్మించారు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతున్న రోజుల్లోనే ఆయన వామపక్ష విద్యార్థి ఉద్యమంలో చేరారు. అనంతరం ఢిల్లీలో కమ్యూనిస్టు నేత ఎ.కె. గోపాలన్ వద్ద పనిచేశారు. స్వాతంత్ర్య సమరయోధుడు సైఫుద్దీన్ కిచ్లూ కుమార్తె జహీదాను వివాహం చేసుకున్నారు. మద్రాసుకు తిరిగివచ్చి సినీ సంగీత కళాకారుల సంఘ స్థాపనలో ముఖ్యపాత్ర వహించారు. ఏసుదాసు తొలి సినీగీతాన్ని 1961లో 'కాల్పాడుకళ్' చిత్రం కోసం ఆయన సంగీత దర్శకత్వంలోనే పాడారు.

1970 దశకం ఆరంభంలో ఆయన మద్రాసు యూత్ కోయిర్‌కు రూపమిచ్చారు. మన సంప్రదాయ సంగీతానికి ఒకే స్వరధార ప్రాణం. పలు స్వరాలు ఏకకాలంలో పలికే పాశ్చాత్య పద్ధతిని, రాగభావం చెదరకుండా భారతీయ భాషల పాటలకు అన్వయించడమే ఆయన కృషి. సుబ్రహ్మణ్య భారతి గీతాలు ఆ విధంగా బృందగానాలయ్యాయి.

1980 దశకంలో ఎన్‌సీఈఆర్‌టీ చేపట్టిన సామూహిక గాన కార్యక్రమం ఆయన కృషిని పాఠశాలలకు చేర్చింది. వివిధ రాష్ట్రాల ఉపాధ్యాయులు శిక్షణ పొంది, బడి పిల్లలకు పలు భాషల పాటలు నేర్పారు.

బాలల చేత పాడించడం సున్నితమైన విద్య. పిల్లల స్వరతంత్రులు పొట్టిగా, పలుచగా ఉంటాయి. పెద్దల శ్రుతిలో పాడించినా, బిగ్గరగా అరిపించినా గొంతు దెబ్బతింటుంది. యౌవనారంభంలో బాలుర స్వరం దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆ దశలో బలవంతం కూడదు. అందరూ ఒకే శ్రుతిలో పాడటం కుదిరాకే స్వరాల విభజన మొదలుపెట్టాలి. తన గొంతు వినిపించడం కన్నా పక్కవాడి గొంతు వినడం ఇక్కడ తొలి పాఠం. బాగా పాడలేని బిడ్డకు సైతం బృందంలో చోటు దొరుకుతుంది. సమానత్వాన్ని నమ్మిన శ్రీనివాసన్‌ను బృందగానం ఆకర్షించడంలో ఆశ్చర్యం లేదు.

1988 మార్చి 9న లక్షద్వీప్‌లో ఆయన కన్నుమూశారు. ఆయన తీర్చిదిద్దిన గాయకులు ఆ తర్వాతా బృందగానాన్ని కొనసాగించారు.