వైద్య సన్న్యాసిని మేరీ గ్లౌరీ

కాన్పు ఆడదానికి మరుజన్మ యని మన పెద్దలు చెప్పుదురు. చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతమున చందనవెల్లి వంటి మెట్టపల్లెలలో గాని, కృష్ణకు దక్షిణమున గుంటూరు సీమలో గాని ఈ మాట వినని ఇల్లుండదు. అది అలంకారముకొఱకు పుట్టిన మాట కాదు, అనుభవమునుండి పుట్టినది. భోర్ సంఘము 1946లో సమర్పించిన నివేదికను బట్టి, ఆ కాలమున మన దేశములో ప్రసవ సంబంధమైన కారణములచే ఏటేట సుమారు 2 లక్షలమంది స్త్రీలు మరణించుచుండిరి. 1937వ సంవత్సరపు లెక్కలలో, పుట్టిన ప్రతి 1000 మంది శిశువులలో 162 మంది ఏడాది నిండకుండగనే కన్ను మూసిరి. ఈ దుఃఖమును గూర్చి సముద్రముల కవ్వల నొక చిన్న పుస్తకమున చదివి, తన బ్రతుకు దారినే మార్చుకొన్న వైద్యురాలు మేరీ గ్లౌరీ. ఆమె కర్మభూమి మన గుంటూరు.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున, బిర్రెగుర్రా అను చిన్న ఊరిలో, 1887 జూన్ 23వ తేదీన ఆమె జన్మించెను. ఐర్లండు సంతతికి చెందిన కతోలిక కుటుంబము. తొమ్మండుగురు సంతానములో ఆమె మూడవది. వానలు అరుదుగా పడు గోధుమసీమలో, వాచెమ్ అను గ్రామమున ఆమె బాల్యము గడచెను. రాత్రివేళ ఇంటిల్లిపాదియు కూడి చేయు ప్రార్థనలో మంచి గురువులకొఱకును, మంచి వైద్యులకొఱకును దేవుని వేడుకొనుట ఆ ఇంటి అలవాటు. అట్లు కోరిన వైద్యులలో నొకరు ఆ ఇంటనే పెరుగుచున్నారని అప్పు డెవరికి తెలియును?

విద్యార్థి వేతనము సంపాదించి ఆ బాలిక మెల్బోర్న్ నగరము చేరెను. విశ్వవిద్యాలయమున మొదట సాహిత్యాది విషయములలో పట్టమునకై చేరినను, పిమ్మట వైద్యవిద్యకు మరలెను. స్త్రీలు వైద్యము చదువుట అరుదైన కాలమది. 1910లో పట్టము పొంది, న్యూజీలాండు దేశపు క్రైస్ట్‌చర్చి నగరమున ఆసుపత్రి వైద్యురాలుగా కొంతకాలము పనిచేసి, మరల మెల్బోర్న్ వచ్చెను. అచ్చటి కన్ను, చెవి వైద్యశాలలోను, సెయింట్ విన్సెంట్ ఆసుపత్రిలోను పనిచేయుచు, కాలిన్స్ వీధిలో స్వంత వైద్యాలయము నెలకొల్పెను. ఆ నగరమున పేరుగల వైద్యులుండు వీధి అది. మొదటి ప్రపంచ యుద్ధము వచ్చి పురుష వైద్యులనేకులు సేనలో చేరగా, నగరమున మిగిలినవారి భారము రెట్టింపయ్యెను. ధనమును, గౌరవమును ఆమె కెదురు వచ్చుచున్న దినములవి.

1915 అక్టోబరు 24వ తేదీ ఆదివారము. దేవాలయమునుండి ఇల్లు చేరిన పిదప ఆమె చేతికొక చిన్న పుస్తకము వచ్చెను. అది స్కాట్లండు దేశపు వైద్యురాలు ఆగ్నెస్ మెక్లారెన్ జీవితమును తెలుపునది. మెక్లారెన్ రావల్పిండి యందు స్త్రీల ఆసుపత్రి నెలకొల్పుటకు కారకురాలు. కన్యాస్త్రీలు వైద్యము చేయుటకు అనుమతి నిమ్మని రోమునగర పెద్దలకు పలుమార్లు విన్నవించి, ఆ కోరిక ఫలింపకయే 1913లో మరణించెను. పురుష వైద్యులు అంతఃపురముల లోనికి పోరాని మన దేశమున, తల్లులును పిల్లలును వైద్యము లేక రాలిపోవుచున్న సంగతి ఆ పుస్తకమున నుండెను. చదువుట ముగించునప్పటికి గ్లౌరీ తన కర్తవ్యమును నిశ్చయించుకొనెను.

నిశ్చయించుకొనుట యొక యెత్తు, ఆచరించుట వేరొక యెత్తు. ఆమె సన్న్యాసినియై దేవుని సేవకు అంకితము కాగోరెను. వైద్యురాలై రోగుల నాదుకొనగోరెను. కాని సన్న్యాసవ్రతము పూనినవారు వైద్యవృత్తి చేయరాదనియు, ముఖ్యముగా ప్రసవకార్యములలో పాల్గొనరాదనియు నాటి కతోలిక సభ నియమము. వ్రతము పట్టినచో విద్యను విడువవలయును. విద్యను పట్టినచో వ్రతమును విడువవలయును. ఆమె రెంటిలో దేనిని విడువలేదు, నియమమును ధిక్కరింపలేదు. ఓర్పుతో ఎదురుచూచెను.

ఆ ఎదురుచూపు నాలుగేండ్లకు పైబడినది. ఆ కాలమంతయు ఆమె చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1916లో మెల్బోర్న్ కతోలిక స్త్రీలు స్థాపించుకొన్న సంఘసేవా సంస్థకు మొదటి అధ్యక్షురాలయ్యెను. భారతదేశమున తనకు వలసిన విద్య యేదో యోచించి, ప్రసూతి, స్త్రీరోగ, నేత్ర చికిత్సలయందు ప్రత్యేక కృషి చేసి, 1919లో ఎం.డి. పట్టము పొందెను. కొలువు పెంచుకొనుటకు పై చదువులు చదువువారిని మనమెరుగుదుము. ఈమె కొలువు విడిచిపోవుటకై చదివెను.

1920 జనవరి 21న ఓడయెక్కి, ఫిబ్రవరి 12న గుంటూరు చేరెను. 1904 నుండి అచ్చట పనిచేయుచున్న జీసస్ మేరీ జోసఫ్ సభ అను హాలండు దేశపు కన్యాస్త్రీల మఠమున చేరి, తిరుహృదయ మేరీ అను సన్న్యాస నామము స్వీకరించెను. వ్రతనిష్ఠలో నుండియే వైద్యము చేయుటకు పోపు 15వ బెనెడిక్టుగారు ఆమెకు ప్రత్యేకముగా అనుమతి నొసగిరి. కన్యాస్త్రీయై వైద్యవృత్తి సాగించిన మొదటి వైద్యురాలుగా ఆమెను చరిత్రకారులు పేర్కొందురు.

గుంటూరునకు స్త్రీ వైద్యురాలు అదివరకు లేకపోలేదు. లూథరన్ సభకు చెందిన అమెరికా వైద్యురాలు అన్నా కుగ్లర్ 1883లోనే అచ్చటికి వచ్చి, 1898లో స్త్రీల ఆసుపత్రిని తెరచి, 1930లో మరణించువరకు అచ్చటనే సేవచేసెను. కాని అవసరము సముద్రమంత. చేతులు నాలుగైన నేమి, పదియైన నేమి? శాఖాభేదములచే యూరోపు ఖండమున శతాబ్దములు కలహించిన రెండు సభలకు చెందిన స్త్రీలు, మన గుంటూరులో ఒకే దుఃఖమును తీర్చుటకు పూనుకొనిరి. సయోధ్యను గూర్చి ఉపన్యసించుట తేలిక. రోగి మంచము ప్రక్కన నిలిచినప్పుడే అది పరీక్షకు వచ్చును.

చిన్న మందులయిల్లుగా నున్నది గ్లౌరీ చేతులమీదుగా క్రమముగా పెరిగి సెయింట్ జోసఫ్ ఆసుపత్రి యయ్యెను. పెక్కేండ్లు ఆమె యొక్కతెయే అచ్చట వైద్యురాలు. పురుడు పోయుట మొదలు కంటిపొర తీయుట వరకు అన్నియు ఆమె పనులే. మందులు చాలనపుడు ఈ దేశపు మూలికల గుణములను పరిశీలించి వానిని వాడుకొనెను. ఒంటరిగా ఎంత శ్రమించినను అది చాలదని ఆమె త్వరలోనే గ్రహించి, స్థానిక స్త్రీలకు మందులు కలుపుటయందు, రోగుల పరిచర్యయందు, మంత్రసాని పనియందు శిక్షణ నిచ్చెను. తాను లేని నాడును పని నిలువరాదను దూరదృష్టి ఆమె ప్రతికార్యమున కనబడును. ఉపాధ్యాయులు ఈ గుణమును సులభముగా పోల్చుకొందురు.

మతప్రచారమునకు వైద్యము ఎరయని ఆ కాలమున విమర్శించినవారు కలరు. అట్టి విమర్శకు తావిచ్చిన సందర్భములును చరిత్రలో లేకపోలేదు. అది తేల్చుటకు వాదములకంటె ఆచరణమే మంచి సాక్ష్యము. గ్లౌరీ సువార్తసేవకు చెప్పిన భాష్యము, తన విద్యలో నున్న మేలిభాగమును పేదల వాకిట పెట్టుటయే. ఆమె దీర్ఘకాలపు ఓర్పు వ్యర్థము కాలేదు. 1936లో రోమునగరము పాత నిషేధమును సడలించి, కన్యాస్త్రీలు వైద్యమును, ప్రసూతిశాస్త్రమును అభ్యసించి ఆచరింపవచ్చునని ఆదేశించెను. పదునారేండ్లక్రితము ఆమె కొక్కతెకు దొరికిన దారి ఇప్పుడు రాజమార్గమయ్యెను.

1943లో దేశము యుద్ధముచేతను, వంగదేశపు కరవుచేతను క్రుంగియుండెను. ఆ యేడు జులై 29న, గ్లౌరీ నాయకత్వమున 16 మంది కన్యాస్త్రీలు చేరి కతోలిక ఆసుపత్రుల సంఘమును స్థాపించిరి. ఎక్కడికక్కడ ఒంటరిగా శ్రమించుచున్న వైద్యశాలలను ఏకముచేయుట, మంచి శిక్షణ నిచ్చుట దాని ఉద్దేశము. ఒక వైద్యకళాశాల కూడ వెలయవలయునని ఆమె కలగనెను. అది ఆమె కన్నులారా చూచుటకు నోచుకోలేదు. క్యాన్సరు వ్యాధిచే బాధపడి, 1957 మే 5వ తేదీన బెంగుళూరులో ఆమె కన్నుమూసెను. తన చేతిమీదుగా ఎందరి నొప్పినో తగ్గించిన వైద్యురాలు కడపట తానే ఆ నొప్పిని అనుభవించెను. ఆరేండ్ల పిమ్మట, 1963లో, అదే బెంగుళూరున సెయింట్ జాన్ వైద్యకళాశాల ఆరంభమయ్యెను. 2013లో కతోలిక సభ ఆమెను దైవసేవకురాలుగా ప్రకటించెను.

ఆమె నాటిన సంఘము నేడు మూడువేలకు పైగా వైద్యసంస్థలతో విస్తరించి, మన సికింద్రాబాదు కేంద్రముగా పనిచేయుచున్నది. చందనవెల్లినుండి ఆ నగరమునకు పొద్దున బయలుదేరి పోయినవారు సందెవేళకు తిరిగి ఇల్లు చేరవచ్చును. నేడు పల్లెలో నొప్పులు పట్టిన తల్లికొఱకు 108కి ఫోను చేసిన వాహనము వచ్చును. పెక్కు కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుచున్నవి. ఈ మార్పు ప్రభుత్వముల కృషిచే, విజ్ఞానశాస్త్రముచే, పేరు తెలియని వేలాది దాదుల శ్రమచే వచ్చినది. వారందరికి ముందు నడచిన కొలదిమందిలో మేరీ గ్లౌరీ యొకతె. పురిటింట బిడ్డ యేడుపు విని ఇంటివారు నవ్వినపుడు, వాచెమ్ గ్రామపు ఆ ఇంటి రాత్రి ప్రార్థనను ఒకసారి తలచుకొనుట మనకు తగును.