ఆగిన అంగుళిమాలుడు

గుడుంబాకు పేరుపడ్డ ధూల్‌పేట్‌లో వ్యసనం అనగానే మీకు సారానే గుర్తొస్తుంది. మట్కా, క్రికెట్ బెట్టింగ్, ఫోన్‌లో రమ్మీ కూడా వ్యసనాలే. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది, అయినా ఆడే చెయ్యి ఆగలేదు.

అంగుళిమాలుడి సంగతి చూడండి. అసలు పేరు అహింసకుడు, తక్షశిలలో చదివాడు. గురువు వెయ్యి వేళ్లు దక్షిణ అడిగాడని అట్టకథ చెబుతుంది. మనుషుల్ని చంపి, లెక్క తప్పకుండా వేళ్లు గుచ్చి మెడలో వేసుకున్నాడు. ఇంకొక్కటి, ఇంకొక్కటి! చివరికి కన్నతల్లి ఎదురొచ్చినా ఆగేలా లేడు. జూదరి లెక్కా ఇట్లాంటిదే కదా.

బుద్ధుడు అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. తాను ఎప్పుడో ఆగాననీ, ఆగాల్సింది అతనేననీ తెలియజెప్పి సంఘంలో చేర్చుకున్నాడు. పట్టుకోవడానికి బయల్దేరిన ప్రసేనజిత్తు రాజు, భిక్షువైన అతన్ని చూసి గౌరవంగా మాట్లాడాడు. ఊరు మాత్రం మరవలేదు. భిక్షకెళితే రాళ్లు పడ్డాయి, తల పగిలింది. బుద్ధుడు ఓర్చుకోమన్నాడు, వదిలెయ్యలేదు. బాబాసాహెబ్ తన బుద్ధుడు, ధమ్మం గ్రంథంలో ఈ కథ చేర్చారు.

జూదం వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుగానే గుర్తించింది. మీ పిల్లగాడు మానుతానంటే రాళ్లెయ్యకండి. డబ్బులు కొన్నాళ్లు మీ దగ్గరుంచుకోండి, ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తోడు వెళ్లండి. మళ్లీ ఆడితే, మళ్లీ తీసుకెళ్లండి.