మేజోళ్లకు చారలు తెచ్చిన మేనేజర్: హెర్బర్ట్ చాప్‌మన్ కథ

పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్‌కు ముందు రెండు జట్ల జెర్సీలు, నిక్కర్లతో పాటు సాక్స్ రంగులను కూడా సరిచూస్తారు. జెర్సీలు ఎంత వేరుగా ఉన్నా, సాక్స్ ఒకే రంగులో ఉంటే చిక్కే. నలుగురైదుగురు బంతి కోసం కాళ్లు పెట్టినప్పుడు అది ఎవరి కాలికి తగిలి గీత దాటిందో చెప్పడం కష్టమవుతుంది. ఆటగాడు సాక్స్ మీద టేపు చుట్టుకున్నా, ఆ టేపు సాక్స్ రంగులోనే ఉండాలని నేటి నిబంధనలు చెబుతున్నాయి.

ఇంత పట్టింపు ఒకప్పుడు లేదు. వందేళ్ల కిందట ఇంగ్లండ్‌లో మేజోళ్లు అంటే చలికీ బురదకీ కాళ్లను కాపాడే మందపాటి ఉన్ని గొట్టాలు. 1874లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఆటగాడు శామ్ విడోసన్ పిక్కల ముందు కట్టుకునే రక్షణ పట్టీలను తెచ్చినప్పుడు, మొదట్లో వాటిని మేజోళ్ల పైనే కట్టుకునేవారు. తర్వాత అవి లోపలికి వెళ్లాయి, మేజోళ్లు వాటికి తొడుగయ్యాయి. ఆ మేజోళ్ల రంగుతో ఆటలో లాభం పొందవచ్చని పట్టుబట్టిన వారిలో ముందు చెప్పుకోవాల్సిన పేరు హెర్బర్ట్ చాప్‌మన్. లండన్ క్లబ్ ఆర్సెనల్‌ను ఇంగ్లండ్‌లో తిరుగులేని జట్టుగా మార్చిన మేనేజర్ ఆయన.

బొగ్గు గనుల ఊరి నుంచి

చాప్‌మన్ 1878 జనవరి 19న యార్క్‌షైర్‌లోని కివెటన్ పార్క్‌లో పుట్టారు. అది షెఫీల్డ్‌కు దగ్గరలోని బొగ్గు గనుల ఊరు. తండ్రి గని కార్మికుడు, చదువు రాదు. ఆ ఇంట్లో పుట్టిన హెర్బర్ట్ షెఫీల్డ్‌లో మైనింగ్ ఇంజినీరింగ్ చదివారు. ఆయన కాలంలో ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్లలో అంత చదివినవాళ్లు అరుదు. పనిని భాగాలుగా విడదీసి, ప్రతి భాగానికీ లెక్క వేసే అలవాటు ఆయనకు చివరిదాకా ఉంది.

ఆటగాడిగా మాత్రం ఆయన గొప్పవాడేమీ కాదు. తమ్ముడు హ్యారీ షెఫీల్డ్ వెన్స్‌డే తరఫున రెండు లీగ్ టైటిళ్లు, ఒక ఎఫ్ఏ కప్ గెలిస్తే, అన్న గ్రిమ్స్‌బీ, స్విండన్, నార్తాంప్టన్, నాట్స్ కౌంటీ అంటూ క్లబ్బు తర్వాత క్లబ్బు మారుతూ పోయారు. 1905లో టోటెన్‌హామ్ చేరాక ఆయనను జనం గుర్తుపెట్టుకున్నది గోల్స్ వల్ల కంటే బూట్ల వల్ల. అందరూ నలుపో ముదురు గోధుమ రంగో వేసుకునే రోజుల్లో ఆయన లేత పసుపు రంగు తోలు బూట్లు తొడిగారు. మైదానంలో తాను ఎక్కడున్నదీ సహచరులకు చప్పున తెలియాలన్నదే ఉద్దేశమని చెబుతారు.

దీన్ని షోకు అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. కానీ అప్పటి ఇంగ్లిష్ శీతాకాలపు మ్యాచ్‌ను ఒక్కసారి ఊహించాలి. ఫ్లడ్‌లైట్లు లేవు. మధ్యాహ్నం దాటితే వెలుతురు తగ్గుతుంది. పొగమంచు, ఫ్యాక్టరీల బొగ్గు పొగ, మోకాళ్ల దాకా బురద. అరగంట గడిచేసరికి జెర్సీలన్నీ ఒకే రంగులోకి దిగుతాయి. జెర్సీ వీపున నంబర్ కూడా లేదు. బంతి కాళ్ల దగ్గర ఉన్నవాడు తల ఎత్తి వెతికేలోపే ప్రత్యర్థి మీదకు వచ్చేస్తాడు. పసుపు బూట్లు ఆ సమస్యకు ఆయన వెతికిన తొలి జవాబు.

నిషేధం, మళ్లీ మొదలు

1907లో చాప్‌మన్ నార్తాంప్టన్ టౌన్‌కు ఆటగాడు–మేనేజర్‌గా వెళ్లారు. సదరన్ లీగ్ అడుగున ఉన్న ఆ జట్టు రెండేళ్లలో, 1908–09 సీజన్లో, ఆ లీగ్ విజేత అయింది. 1911లో ఆయన టోటెన్‌హామ్ నుంచి వాల్టర్ టల్‌ను తీసుకొచ్చారు. ఇంగ్లిష్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో తొలి తరం నల్లజాతి ఆటగాళ్లలో టల్ ఒకరు. ప్రేక్షకుల జాత్యహంకార దూషణలు భరించి, పాత క్లబ్బులో పక్కకు నెట్టబడిన ఆయనకు నార్తాంప్టన్‌లో నిలకడగా ఆడే అవకాశం దొరికింది. తర్వాత సైన్యంలో అధికారి అయి, 1918లో యుద్ధంలో మరణించారు.

1912లో చాప్‌మన్ లీడ్స్ సిటీకి మారారు. మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో లీడ్స్ దగ్గర బార్న్‌బోలోని ఆయుధ కర్మాగారంలో నిర్వహణ బాధ్యత తీసుకున్నారు. యుద్ధం ముగిశాక పిడుగు పడింది. యుద్ధకాలంలో ఆటగాళ్లకు నిబంధనలకు విరుద్ధంగా డబ్బు చెల్లించారన్న ఆరోపణ మీద అధికారులు లీడ్స్ సిటీ లెక్కల పుస్తకాలు అడిగారు. క్లబ్ ఇవ్వలేదు. 1919 అక్టోబరులో సీజన్ మధ్యలోనే క్లబ్బును లీగ్ నుంచి వెళ్లగొట్టి, ఆటగాళ్లను ఒక హోటల్లో వేలం వేశారు. క్లబ్ పెద్దలతో పాటు చాప్‌మన్ మీద కూడా జీవితకాల నిషేధం పడింది.

నలభై దాటిన వయసులో ఆయన సెల్బీ పట్టణంలోని ఒక కర్మాగారంలో సూపరింటెండెంట్‌గా పనిచేశారు. ఆ ఉద్యోగమూ పోయింది. అప్పుడు హడర్స్‌ఫీల్డ్ టౌన్ ఆయన తరఫున నిలబడింది. ఆ చెల్లింపులు జరిగాయంటున్న కాలంలో చాప్‌మన్ క్లబ్బులో కాదు, ఆయుధ కర్మాగారంలో ఉన్నారన్నది వాదన. నిషేధం తొలగింది. ఆయనకు తెలియకుండానే అంతా జరిగిందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన లెక్కల పుస్తకాలు మాత్రం వెలుగు చూడలేదు.

1921లో హడర్స్‌ఫీల్డ్ చేరిన ఆయన మరుసటి ఏడాదే ఎఫ్ఏ కప్ గెలిపించారు. 1923–24, 1924–25 సీజన్లలో వరుసగా లీగ్ టైటిళ్లు వచ్చాయి. మొదటిది కార్డిఫ్ సిటీతో పాయింట్లు సమానమై, గోల్ సగటులో వెంట్రుకవాసి తేడాతో దక్కింది. ఆయన వెళ్లిపోయాక కూడా ఆ జట్టు మూడోసారి గెలిచింది.

తల ఎత్తకుండా చూడటం

1925లో ఆర్సెనల్ ఏడాదికి 2,000 పౌండ్ల జీతంతో చాప్‌మన్‌ను పిలిచింది. అప్పట్లో ఆటగాడి వారపు జీతానికి సీజన్లో 8 పౌండ్లు, వేసవిలో 6 పౌండ్ల గరిష్ఠ పరిమితి ఉండేది. అంటే మేనేజర్ జీతం అగ్రశ్రేణి ఆటగాడికి ఏడాదికి వచ్చేదానికి ఐదు రెట్లు.

అదే ఏడాది ఆఫ్‌సైడ్ నిబంధన మారింది. దాడి చేసే ఆటగాడికీ గోల్ గీతకూ మధ్య అంతకుముందు ముగ్గురు ప్రత్యర్థులు ఉండాల్సి వచ్చేది, ఇప్పుడు ఇద్దరు చాలు. గోల్స్ వరదలా వచ్చాయి. అక్టోబరులో న్యూకాజిల్ చేతిలో 7–0తో చిత్తయ్యాక, సీనియర్ ఆటగాడు చార్లీ బుకన్ సూచనతో చాప్‌మన్ సెంటర్ హాఫ్‌ను వెనక్కి దించి రక్షకుల మధ్య నిలబెట్టారు. ఒక ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌ను మధ్యమైదానంలోకి లాగారు. క్రమంగా అది డబ్ల్యూఎం వ్యూహంగా స్థిరపడింది. ప్రత్యర్థిని ముందుకు రానిచ్చి, బంతి అందగానే రెండు మూడు పాస్‌లతో అవతలి గోల్ దగ్గరకు దూసుకెళ్లడం దాని సారం.

రంగుల సంగతి ఇక్కడే ఆటతో ముడిపడుతుంది. ఎదురుదాడిలో అంతా వేగం మీదే ఆధారపడి ఉంటుంది. బంతి అందుకున్నవాడు తనవాడు ఎక్కడున్నాడో వెతకడానికి క్షణం ఆగినా దాడి చచ్చిపోతుంది. బంతిని నడిపించేవాడి చూపు నేల మీద ఉంటుంది. ఆ చూపు అంచుల్లో పడేవి ఎదుటివాళ్ల ముఖాలో జెర్సీలో కావు, మోకాలి కింది భాగాలు. అందుకే చాప్‌మన్ ఆర్సెనల్ మేజోళ్లను అడ్డచారల్లోకి మార్చారు. నీలం, తెలుపు పట్టీలు ఒకదాని కింద ఒకటి. తల పూర్తిగా ఎత్తకుండానే సహచరుడి కాలు గుర్తుపట్టవచ్చన్నది లెక్క. ఎరుపు మేజోళ్ల రంగు ఉతుకులో దిగిపోయేదని, అందుకే మార్చారని మరో కథ కూడా ఉంది. రెండూ నిజమైనా ఆశ్చర్యం లేదు. చాకిరేవు సమస్యకూ వ్యూహానికీ ఒకే పరిష్కారం దొరికితే వదులుకునే మనిషి కాదాయన.

ఎంచుకున్న రంగుల్లోనూ ఒక విశేషం ఉంది. ముదురు నీలం, తెలుపు మధ్య తేడా రంగు తేడా మాత్రమే కాదు, వెలుగునీడల తేడా కూడా. మసక వెలుతురులో ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులు కలిసిపోతాయి కానీ ముదురు, లేత పట్టీలు కలవవు. ఐరోపా సంతతి పురుషుల్లో దాదాపు 8 శాతం మందికి ఎరుపు–ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. అలాంటివారికీ ఆ చారలు కనిపిస్తాయి.

జెర్సీ విషయంలోనూ ఇదే దారి. 1886లో ఆర్సెనల్ పుట్టినప్పుడు నాటింగ్‌హామ్ ఫారెస్ట్ నుంచి కానుకగా వచ్చిన ముదురు ఎరుపే క్లబ్ రంగు అయింది. చాప్‌మన్ ఆ ఎరుపును కాంతిమంతం చేసి, చేతులను తెల్లగా మార్చారు. 1933 మార్చి 4న లివర్‌పూల్‌తో మ్యాచ్‌లో ఆ జెర్సీ మొదటిసారి మైదానంలోకి వచ్చింది. తెల్ల చొక్కా మీద ఎర్రటి చేతుల్లేని స్వెటర్ వేసుకున్న మనిషిని చూసి ఆయనకు ఈ ఆలోచన తట్టిందంటారు. ఆ మనిషి ఎవరన్న దాని మీద కథలు ఒకటికి మించి ఉన్నాయి. ఆటగాడు చెయ్యెత్తి పాస్ అడిగితే తెల్లటి చెయ్యి దూరం నుంచే కనబడుతుంది.

బట్టల విషయంలో నిర్లక్ష్యం ఎంత ఖరీదో ఆయనకు అనుభవమే. 1927 ఎఫ్ఏ కప్ ఫైనల్లో గోల్‌కీపర్ డాన్ లూయిస్ చేతుల్లోంచి బంతి జారిపోయింది. ఆర్సెనల్ 1–0తో కార్డిఫ్ సిటీకి కప్పు వదులుకుంది. కొత్త ఉన్ని జెర్సీ మీది జిడ్డు వల్లే బంతి జారిందని లూయిస్ చెప్పుకున్నారు. అప్పటి నుంచి గోల్‌కీపర్ కొత్త జెర్సీని ఉతకకుండా వేసుకోకూడదన్నది ఆ క్లబ్బులో ఆచారమైందంటారు.

వద్దన్న పెద్దలు

చాప్‌మన్ ఆలోచనల్లో సాక్స్, చేతుల రంగులు అడ్డులేకుండా సాగిపోయాయి. ఎందుకంటే తన జట్టు ఏ రంగు వేసుకోవాలన్నది క్లబ్ ఇష్టం. పాలక సంస్థల అనుమతి కావాల్సిన చోట మాత్రం గోడే ఎదురైంది. 1928 ఆగస్టు 25న షెఫీల్డ్ వెన్స్‌డేతో మ్యాచ్‌లో ఆర్సెనల్ వీపున నంబర్లతో ఆడింది. అదే రోజు చెల్సీ కూడా నంబర్లు వేసుకుంది. లీగ్ పెద్దలకు నచ్చలేదు. లీగ్ మ్యాచ్‌ల్లో నంబర్లు తప్పనిసరి అయ్యేసరికి 1939 వచ్చింది.

ఐరోపాలో రాత్రి మ్యాచ్‌లు చూసొచ్చి హైబరీ మైదానంలో దీపాలు పెట్టించారు. అధికారిక మ్యాచ్‌లకు వాటిని వాడటానికి ఒప్పుకోలేదు. ఆ అనుమతి 1950ల దాకా రాలేదు. తెల్ల బంతి వాడాలన్నారు, అదీ అప్పట్లో సాగలేదు. ఆట ఎంతసేపు మిగిలిందో ప్రేక్షకులకు తెలిసేలా 45 నిమిషాల గడియారం పెట్టిస్తే, రిఫరీ అధికారానికి భంగమని అభ్యంతరం వచ్చింది. అది మామూలు గడియారంగా మారింది. నంబర్లు, దీపాలు, తెల్ల బంతి, గడియారం, చారల మేజోళ్లు అన్నింటి వెనకా ఒకే కోరిక ఉంది. ఆట బాగా కనబడాలి, ఆడేవాళ్లకూ చూసేవాళ్లకూ. 1932లో మైదానం పక్కనున్న గిల్లెస్పీ రోడ్ భూగర్భ రైల్వే స్టేషన్ పేరును ఆర్సెనల్‌గా మార్పించడం కూడా ఆ కోరికలో భాగమే.

ఫలితాలు మాత్రం ఆగలేదు. 1928లో డేవిడ్ జాక్‌ను 10,890 పౌండ్లకు కొని ఇంగ్లండ్‌లో రికార్డు సృష్టించారు. మరుసటి ఏడాది అలెక్స్ జేమ్స్, కుర్రాడు క్లిఫ్ బాస్టిన్ వచ్చారు. 1930లో తన పాత జట్టు హడర్స్‌ఫీల్డ్‌నే ఓడించి ఎఫ్ఏ కప్, 1930–31లో 66 పాయింట్ల రికార్డుతో లీగ్, 1932–33లో మళ్లీ లీగ్. అదే సీజన్లో మూడో డివిజన్ జట్టు వాల్సాల్ చేతిలో కప్ మ్యాచ్‌లో 2–0తో పరాభవం కూడా ఉంది.

ఆయన చుట్టూ డబ్బు నీడ కూడా ఉంది. ఆయనను తెచ్చిన ఆర్సెనల్ అధినేత హెన్రీ నోరిస్‌ను ఆర్థిక అక్రమాల మీద ఫుట్‌బాల్ అసోసియేషన్ వెళ్లగొట్టింది. చాప్‌మన్ మీద చర్య లేదు. ఖరీదైన ఆటగాళ్లను కొనే స్తోమత లేకపోతే చారల మేజోళ్లు ఎన్ని కప్పులు తెచ్చేవన్నది న్యాయమైన ప్రశ్నే. రంగు గోల్ కొట్టదు. మంచి ఆటగాడికి అర క్షణం మిగులుస్తుంది, అంతే. ఆ అర క్షణాలను పోగేయడమే ఆయన పద్ధతి.

జలుబుతో వెళ్లిన మ్యాచ్

1934 కొత్త సంవత్సరం రోజుల్లో లీగ్ పట్టికలో ఆర్సెనల్ పైన ఉంది. రాబోయే ప్రత్యర్థులను, కొత్త ఆటగాళ్లను పరిశీలించడానికి చాప్‌మన్ ఉత్తరాది పట్టణాలు తిరిగారు. జలుబు పట్టుకుంది. విశ్రాంతి తీసుకోకుండా గిల్డ్‌ఫోర్డ్‌లో తన క్లబ్ మూడో జట్టు ఆడే మ్యాచ్ చూడటానికి వెళ్లారు. అది న్యుమోనియాగా ముదిరింది. యాంటీబయాటిక్స్ ఇంకా రాని కాలం. జనవరి 6 తెల్లవారుజామున హెండన్‌లోని ఇంట్లో కన్నుమూశారు. వయసు 55. ఆ మధ్యాహ్నమే హైబరీలో షెఫీల్డ్ వెన్స్‌డేతో ఆర్సెనల్ మ్యాచ్ ఆడింది. ఆ సీజన్లోనూ, తర్వాతి సీజన్లోనూ లీగ్ టైటిల్ వాళ్లదే. అంటే హడర్స్‌ఫీల్డ్‌లో లాగే ఇక్కడా ఆయన వెళ్లిపోయాక మూడు వరుస టైటిళ్లు పూర్తయ్యాయి.

ఆయన దారిలో తర్వాత చాలామంది నడిచారు. 1960ల తొలినాళ్లలో లీడ్స్ యునైటెడ్‌కు డాన్ రెవీ రియల్ మాడ్రిడ్‌ను చూసి తలనుంచి కాలిదాకా తెలుపు తొడిగారు. 1964లో లివర్‌పూల్ మేనేజర్ బిల్ షాంక్లీ నిక్కర్లను, సాక్స్‌ను కూడా ఎరుపు చేసి ఆటగాళ్లు మరింత భారీగా కనబడతారని నమ్మారు. ఒకరు సహచరుడికి కనబడటం గురించి ఆలోచిస్తే, మరొకరు ప్రత్యర్థికి కనబడటం గురించి ఆలోచించారు.

ఇప్పుడు పెద్ద క్లబ్బులన్నీ ఏటా కొత్త కిట్ తెస్తాయి. సాక్స్ మీది గీత ఎక్కడ ఉండాలన్నది తయారీ కంపెనీ, అమ్మకాల విభాగం కలిసి నిర్ణయిస్తాయి. ఆర్సెనల్ కూడా 1965 నుంచి రెండు సీజన్లు తెల్ల చేతులు వదిలేసి పూర్తి ఎరుపు జెర్సీ వేసుకుంది. 1967లో మళ్లీ పాత రూపానికి వచ్చింది. అడ్డచారల మేజోళ్లు మాత్రం వస్తూ పోతూ ఉన్నాయి. 2011లో క్లబ్ 125 ఏళ్ల సందర్భంగా చాప్‌మన్ విగ్రహాన్ని కొత్త స్టేడియం బయట నిలబెట్టారు. అది చూడటానికి ఆగే అభిమానుల ఒంటి మీది ఎర్ర జెర్సీల్లో చాలావాటికి చేతులు తెల్లగానే ఉంటాయి.