భగవద్రామానుజులు – తొలిచూపు

సంప్రదాయగణన ప్రకారము 1017లో శ్రీపెరుంబూదూరున ఆసూరి కేశవ సోమయాజి, కాంతిమతి దంపతులకు జన్మించిన రామానుజులు యౌవనమున కాంచిలో యాదవప్రకాశుల కడ వేదాంతము చదివిరి. ఆ గురుశిష్యుల నడుమ పొడమిన విభేదముల కథలు మన పాఠకులకు సుపరిచితములే. అంతగా ప్రచారమునకు రానిది, తరువాతి కాలమున శ్రీభాష్యమునందు ఆచార్యులు తేల్చిన ఒక చిన్న ప్రశ్న. ఒక జంతువును చూచి అది ఆవు అని మనస్సు ఎట్లు గుర్తించును?

పసివాడు మొదటిసారి ఆవును చూచినాడనుకొందము. గంగడోలు మొదలగు అవయవముల కూర్పు వాని కంటబడును. కాని ఆ కూర్పే వేరొక ఆవునందును గలదని వాడెరుగడు. రెండవదానిని, మూడవదానిని చూచినపుడే ఆ ఆకారము పెక్కింటియందు అనువర్తించుచున్నదని తెలియును. మొదటి జ్ఞానము నిర్వికల్పకము, తరువాతివి సవికల్పకములు అని భాష్యకారుల నిర్ణయము. గోత్వమనునది గోవులకు వెలుపల నిలిచిన వేరొక పదార్థము కాదు. ఆ అవయవసంస్థానమే జాతి.

ఇది కేవలము తార్కికుల వినోదము కాదు. నిర్వికల్పకమున ఏ విశేషమును లేని వస్తువు తోచునన్నచో నిర్విశేషబ్రహ్మవాదమునకు ప్రత్యక్షమే సాక్ష్యమగును. రామానుజులు ఆ ద్వారమును మూసివేసిరి. తొలిచూపునందును వస్తువు ఏదో ఒక విధముగనే తోచును. విశేషణము వేరు, విశేష్యము వేరు అనునది అప్పుడే తెలియును. కనుక జాతివ్యక్తులకు ఐక్యము చెప్పి భేదాభేదమును సాధింపజూచువారికిని ఆధారము దొరకదు. యాదవప్రకాశుల మతము భేదాభేదమే గదా! అంతటి సిద్ధాంతసౌధమునకు పసుల కొట్టములోని చూపు పునాదిరాయి యగుట నాకెప్పుడును ఆశ్చర్యమే.

లక్షణమును నిర్ణయించుట ఆచార్యులకును ఒకమారు కష్టమైనదని ఐతిహ్యము. శ్రీభాష్యమును వారు చెప్పుచుండ కూరత్తాళ్వారులు వ్రాయుచుండిరి. సమ్మతము కానిచోట గంటము నిలుపవలెనని ఏర్పాటు. జీవుడు జ్ఞాత అని మాత్రమే లక్షణము చెప్పినచోట గంటము నిలిచెను. ఆచార్యులు కోపించి లేచిపోయిరి. పిమ్మట ఏకాంతమున ఆలోచించి, భగవంతునికి శేషభూతుడగుటను విడిచిన లక్షణము జీవునికి చాలదని గ్రహించి, శిష్యుని కడకు తిరిగివచ్చి వ్రాత సాగించిరి. గోవును గుర్తించుటకు గంగడోలు ఎట్టిదో, జీవుని ఎరుగుటకు శేషత్వము అట్టిదని చెప్పుకొనవచ్చును.

యాదవప్రకాశులు వార్ధకమున రామానుజులనే ఆశ్రయించి, గోవిందజీయరను పేర సన్న్యసించి, యతిధర్మసముచ్చయమును రచించిరని గురుపరంపరలు చెప్పుచున్నవి. రామానుజులు 1137లో శ్రీరంగమున పరమపదించిరి.