మన్రో దొర – ఊరి కావలి

రాయలసీమ పల్లెలలో రాతితోను మట్టితోను కట్టిన పాత బురుజులు నేటికీ అక్కడక్కడ కనబడుతూ ఉంటవి. గండికోట కొండల దాపున ఉన్న కొండాపురం మొదలుకొని జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల సీమలదాకా ఒకప్పుడు ఇట్టి బురుజులు అనేకం ఉండేవి. గండికోట వంటి దుర్గాలను ప్రభువులు కట్టించినారు. ఊరి బురుజును ఊరివారు తమ ప్రాణం కాపాడుకొనడానికి లేపుకొన్నారు. దండు వస్తున్నదన్న కేక వినబడగానే పసులను, పసిబిడ్డలను లోపలికి తోలి, వాకిలి మూసి, వడిసెలలు, బల్లేలు, నాటు తుపాకులు చేతబట్టుకొని గోడలెక్కేవారు. దున్నే చేతికే ఆయుధం పట్టవలసిన కాలమది.

ఆ కాలానికి ముగింపు పలికినవాడుగా చరిత్రలో నిలిచిన పురుషుడు సర్ థామస్ మన్రో. రైతువారీ విధానానికి కర్తగా ఆయనను పాఠశాల విద్యార్థి కూడా ఎరుగును. కాని ఆయన జీవితమంతటా వెన్నాడిన ప్రశ్న మరొకటి గలదు: ఊరిని కావలి కాయవలసినవారెవరు? ఊరివారా, పాలెగాడా, ప్రభుత్వమా?

మన్రో 1761 మే 27వ తేదీన స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించినాడు. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారం చేసిన వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వ్యాపారం కుప్పకూలినది. కుమారుడు ఈస్టిండియా కంపెనీ కాల్బలంలో కొలువు సంపాదించి 1780 జనవరిలో చెన్నపట్టణంలో దిగినాడు. ఆ సంవత్సరమే హైదరాలీతో యుద్ధం వచ్చినది. కర్ణాటక దేశం ఎట్లు తగులబడిపోయినదో, సేనల రాకపోకల నడుమ పల్లె ఎట్లు నలిగిపోతుందో ఆ యువకుడు కన్నులార చూచినాడు. 1792 నుండి ఏడేండ్లు బారామహలులో కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ క్రింద భూమిశిస్తు పని నేర్చినాడు. కన్నడ తీరసీమలో కొంతకాలం కలెక్టరుగా ఉన్నాడు. 1800లో నిజాము తన రక్షణకై ఉంచుకొన్న కంపెనీ సైన్యపు వ్యయానికి బదులుగా కడప, బళ్ళారి, అనంతపురం సీమలను, కర్నూలు జిల్లాలో నేడు చేరియున్న కొన్ని భాగాలను ఇచ్చివేసినప్పుడు, ఆ దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా మన్రో వచ్చినాడు.

వచ్చి చూచేసరికి దేశం అరాజకంగా ఉన్నది. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత ఈ సీమ గోలకొండ సుల్తానులు, మొగలాయీలు, కడప నవాబులు, మరాఠాలు, హైదరు, టిప్పు – ఇందరి చేతులు మారినది. 1792లో టిప్పు నుండి నిజామునకు సంక్రమించిన పిమ్మట పరిస్థితి మరింత క్షీణించినది. జీతం అందని నిజాము సిపాయీలు పల్లెల మీద పడి దోచుకొనేవారు. శిస్తు వసూలుకు వచ్చినవాడెవడో, దోపిడికి వచ్చినవాడెవడో రైతుకు తెలిసేది కాదు. పొరుగూరి మీద పగతో ఊరు దండెత్తడం కూడా కద్దు. బురుజు మీద నిలిచినవాడు ఒకనాడు తన బిడ్డలను కాచుకొనేవాడు, మరునాడు పొరుగువాని పసులను తోలుకొనివచ్చేవాడు. ఆత్మరక్షణకై ఎత్తిన ఆయుధం ఆ హద్దులోనే ఆగలేదు.

ఈ స్థితికంతకూ నడుమనున్నవాడు పాలెగాడు. విజయనగర ప్రభువులనాడు పాలెగాని పని ప్రధానంగా కావలి. అడవి దారులను కాయడం, దొంగసొత్తు రాబట్టడం, పిలుపు వచ్చినప్పుడు బంట్లతో దండుకు కదలడం అతని విధులు. అందుకు ప్రతిఫలంగా మాన్యాలు, ఊరూర కావలి రుసుములు ఉండేవి. అతని క్రింద భూమి అనుభవిస్తూ ఆయుధం పట్టే బంట్లను కట్టుబడి బంట్లనేవారు. పై ప్రభువు బలహీనుడైన కొద్దీ కావలివాడు పాలకుడైనాడు. రుసుము ఇచ్చిన ఊరిని కాచినాడు, ఇవ్వని ఊరిని దోచినాడు. మన్రో లెక్క ప్రకారం దత్తమండలాలలో సుమారు 80 మంది పాలెగాండ్రు, వారి వద్ద దాదాపు 30,000 మంది సాయుధులైన బంట్లు ఉండేవారు.

మన్రో ఈ విషయంలో మెతకగా పోలేదు. పాలెగాడు శిస్తు చెల్లించవలెననీ, బంట్లను విడిచిపెట్టవలెననీ, సొంతంగా దండనాధికారం నెరపరాదనీ ఆదేశించినాడు. తలవంచనివారి మీదికి జనరల్ డుగాల్డ్ కాంబెల్ సేనలతో కదలినాడు. పులివెందుల చేరువలోని వేముల పాలెగాడు మొదలైనవారు కోటలు వీడవలసి వచ్చినది. కొందరు గుత్తికోటలో బందీలైనారు. కొందరు నెలభరణం పుచ్చుకొని ఊరకున్నారు. 1802 మార్చిలో మన్రో పై అధికారులకు పంపిన నివేదికలో ఒక్కొక్క పాలెం పుట్టుపూర్వోత్తరాలను విడివిడిగా వివరించినాడు. పాలెగాండ్రను గురించి వ్రాసేవారికి నేటికీ అదే ఆధారం.

అయితే ఆయుధం పట్టినవారందరూ పాలెగాండ్రు కారు. ఆదవాని ప్రాంతంలోని తెర్నేకల్లు గ్రామస్థులు 1801లో కంపెనీ శిస్తును ఎదిరించి, కోట వాకిలి మూసి పోరాడినారు. అది ఒక పల్లె. ఎదుట ఉన్నది టిప్పును గెలిచిన కంపెనీ సైన్యం. అయినా మొదటి దాడిని ఆ ఊరివారు తిప్పికొట్టినారు. తుదకు అదనపు బలగం వచ్చిన తరువాత గాని కోట పడలేదు. గ్రామపెద్ద ముత్తుకూరు గౌడప్పను ఉరితీసినారని ఆ ప్రాంతంవారు నేటికీ చెప్పుకొంటారు. కలెక్టరు దృష్టిలో అది తిరుగుబాటు. ఊరివారి దృష్టిలో, వచ్చిన దండు ఎవరిదైనా గోడల వెనుక నిలిచి ఎదుర్కొనడం తాతలనాటి అలవాటు. ఈ రెండు దృష్టుల నడుమనే మన్రో పాలన సాగినది. పాలెగాండ్ర ఎడల ఆయన చూపిన కాఠిన్యాన్ని లండనులోని కంపెనీ డైరెక్టర్లు సైతం ఆక్షేపించినారు. వారిని ఉన్నచోట ఉండనిస్తే రైతుకు శాంతి లేదన్న తన వాదాన్ని మన్రో విడువలేదు.

ఆయుధం దింపించిన తరువాత రైతుకు ఏమి ఇచ్చినట్లు? మన్రో ఇచ్చిన సమాధానం పట్టా. డేరాలలో నివసిస్తూ, ఊరూర రైతులతో మాట్లాడుతూ పొలాలు కొలిపించినాడు. ఎవని భూమికి వాడే ప్రభుత్వంతో నేరుగా బాధ్యుడైనాడు. నడుమ పాలెగాడు లేడు. కాని శిస్తు బరువుగానే ఉన్నది. అది గ్రహించినవాడు కనుకనే 1807లో సెలవు మీద స్వదేశానికి పోబోయేముందు, శిస్తును నాల్గవవంతు తగ్గించవలెనని ప్రభుత్వానికి సిఫారసు చేసినాడు. అప్పటికది అమలు జరుగలేదు. ఆయన వెళ్ళిన తరువాత గ్రామాలను గుత్తలకిచ్చే పద్ధతి వచ్చినది.

కావలి సమస్య కూడా తెగలేదు. బెంగాలు పద్ధతిని అనుసరించి కంపెనీ ఇక్కడ దరోగాలను నియమించినది. దరోగా పరాయివాడు. ఊరిలో ఎవడు ఎట్టివాడో ఎరుగడు. జీతం తక్కువ, అధికారం ఎక్కువ. దొంగతనాలు తగ్గలేదు సరికదా, దరోగా భయం అదనంగా చేరినది. 1814లో న్యాయ విచారణ సంఘానికి అధ్యక్షుడుగా తిరిగివచ్చిన మన్రో ఈ లోపాన్ని కనిపెట్టినాడు. ఊరిని ఎరిగిన రెడ్డి, కరణం, తలారి చేతికే కావలిని తిరిగి అప్పగింపజేసినాడు. 1816 నాటి 11వ రెగ్యులేషను దరోగాలను తొలగించి గ్రామపెద్దకు పోలీసు బాధ్యత ఒప్పగించినది. ఆ ఏటి నిబంధనలే గ్రామ మునసబును చిన్న వ్యాజ్యాలకు న్యాయాధికారిగా చేసినవి. ఊరు తన్ను తాను కాచుకొనే హక్కు కొంత తిరిగి వచ్చినది. కాని ఈసారి అది పాలెగాని కత్తితో గాక, గ్రామపెద్ద బాధ్యతతో, తలారి చేతికర్రతో వచ్చినది.

ఇంతకన్న విచిత్రమైన ఘట్టం 1817–18లో జరిగినది. మరాఠా యుద్ధంలో ధార్వాడ ప్రాంతానికి పోయిన మన్రో వద్ద తగిన సైన్యం లేదు. ఆయన ఆ దేశపు జనంలో నుండే బంట్లను చేర్చుకొని, వారి అండతో ఊళ్ళను, కోటలను వశపరచుకొన్నాడు. ఇక్కడ 30,000 మంది బంట్లను నిరాయుధులను చేసినవాడే అక్కడ బంట్ల బలంతో గెలిచినాడు. సామాన్యుడు ఆయుధం పడితే ఎంత బలమో మన్రోకు తెలియక కాదు. తెలిసినందువల్లనే, ఆ బలం ఎవరి అదుపులో ఉండవలెనన్న విషయంలో అంత పట్టుదల వహించినాడు.

1820లో మన్రో చెన్నపట్టణం గవర్నరైనాడు. రైతువారీ తిరిగి వచ్చినది. 1822లో రాజధాని అంతటా ఉన్న బడుల లెక్క తీయించినాడు. నాటి వీధిబడులను గూర్చి మనకు తెలిసిన వివరాలకు ఆ లెక్కలే ముఖ్యాధారం. 1827లో స్వదేశానికి పోయేముందు పాత దత్తమండలాలను తుదిసారి చూచిపోవలెనని బయలుదేరి, జులై 6వ తేదీన పత్తికొండలో కలరా సోకి మరణించినాడు. గుత్తిలో ఖననం చేసినారు. తరువాత అస్థికలను చెన్నపట్టణం కోటలోని చర్చికి తరలించినారు.

జనం ఆయనను గాథలలో నిలుపుకొన్నారు. పాపఘ్ని నది కొండను చీల్చుకొని పారే గండి క్షేత్రంలో బంగారు తోరణం ఆయన కంట పడినదనీ, అది మరణం సమీపించినవారికే కనబడుతుందనీ కడప సీమలో చెప్పుకొంటారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనతో సంభాషించినాడని మరొక గాథ. బిడ్డలకు మన్రో పేరు పెట్టుకొన్నవారూ ఉన్నారు.

అయినా ఆయన తీర్చిన పద్దు పూర్తిగా తీరలేదు. కట్టుబడి బంట్ల మాన్యాలను కంపెనీ క్రమంగా లాగివేయసాగినది. ఆయన మరణించిన 19 ఏండ్లకు, 1846లో, నొస్సం పాలెగాని వంశానికి దౌహిత్రుడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల సీమలో లేచినప్పుడు, మాన్యాలు పోయిన ఆ కట్టుబడి బంట్లే వేలసంఖ్యలో ఆయన వెంట నడిచినారు. 1847 ఫిబ్రవరి 22న నరసింహారెడ్డిని ఉరితీయడంతో ఆ అధ్యాయం ముగిసినది. కావలికై ఇచ్చిన మాన్యాన్ని లాగుకొని, కావలివానిని మాత్రం శాంతంగా ఉండుమనడం న్యాయమా అన్న ప్రశ్న అప్పుడు కత్తి రూపంలో లేచినది.

మన్రో విదేశీయుడు, విదేశీ కంపెనీ లాభానికి పనిచేసినవాడు. దానిని మరువనక్కరలేదు. ప్రజల చేతినుండి ఆయుధం తీసుకొనే ప్రభుత్వం వారి ప్రాణానికి, పంటకు, మానానికి తానే పూచీపడవలెను. ఆ పూచీ తప్పిన ప్రభుత్వానికి ఆయుధం దింపుమని అడిగే అర్హత లేదు. మన్రో ఈ బాధ్యతను కొంతవరకు గుర్తించినాడు. ఆయన కొలువు చేసిన కంపెనీ గుర్తించలేదు. ఆయన గొప్పతనానికి గాని, ఆయన వైఫల్యానికి గాని కొలమానం ఇదే.