రాయవేలూరు డాక్టరమ్మ ఐడా స్కడర్: చెట్టు కింద వైద్యం చెప్పే పాఠం



మన పెద్దవాళ్ళు వేలూరును రాయవేలూరు అనే పిలిచేవారు. చిత్తూరు, పలమనేరు వైపు పల్లెల్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే రాయవేలూరు తీసుకుపోండి అనే మాట నేటికీ వినిపిస్తుంది. ఆ మాటకు కారణమైన పెద్దాసుపత్రి అందరికీ తెలుసు. దాన్ని కట్టించిన డాక్టరమ్మ పేరు కూడా చాలామందికి తెలుసు. కానీ ఆమె ఆసుపత్రి కట్టడంతో ఆగలేదని, మందుల పెట్టె పట్టుకుని పల్లెదారి పట్టిందని తెలిసినవారు తక్కువ. మొన్న మన సంఘం సమావేశంలో షుగరు, బీపీ గురించి మాట వచ్చినప్పుడు నాకు ఆమె గుర్తుకొచ్చింది. అందుకే నాకు తెలిసినంతలో ఆమె జీవితకథ రాస్తున్నాను.

ఐడా సోఫియా స్కడర్ 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టింది. అప్పట్లో రాణిపేట, వేలూరు, గుడియాత్తం, చిత్తూరు అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. జిల్లా కేంద్రం చిత్తూరే. 1911లో చిత్తూరు జిల్లా వేరుపడేదాకా తమిళం, తెలుగు మాట్లాడే తాలూకాలు ఒకే కలెక్టరు కింద ఉండేవి. కాబట్టి ఆమె పుట్టిన జిల్లా మనదీ, వాళ్ళదీ కూడా.

ఆమెది మూడు తరాల మిషనరీ వైద్యుల కుటుంబం. తాతగారు జాన్ స్కడర్ 1819లో అమెరికా నుంచి ఓడెక్కి సింహళానికి, ఆపైన మద్రాసుకు వచ్చారు. తండ్రి కూడా ఆర్కాటు మిషన్‌లో డాక్టరే. 1876 నుంచి 1878 వరకు సాగిన ధాత కరువులో ఐడా ఆరేడేళ్ళ పిల్ల. ఇంటి ముందుకు వచ్చిన పిల్లలకు రొట్టె ముక్కలు పంచే పని ఆమెకు అప్పగించారు. కొందరు పిల్లలకు చెయ్యెత్తి నోట్లో పెట్టుకునే ఓపిక కూడా లేదట. ఆ దృశ్యాలు ఆమెను చాలాకాలం వదలలేదు. ఆ తర్వాత కుటుంబం అమెరికా వెళ్ళింది. ఐడా అక్కడే చదువుకుని, ఈ దేశం మాట ఎత్తకుండా సుఖంగా బతకాలని నిశ్చయించుకుంది. కరువు చూసిన పిల్ల అలా అనుకోవడంలో తప్పేముంది?

1890లో తల్లికి జబ్బు చేసిందని తిండివనం రావాల్సివచ్చింది. తల్లికి నయం కాగానే వెనక్కి వెళ్ళిపోదామనే వచ్చింది. అక్కడే ఒక రాత్రి జరిగిన సంగతి ఆమె జీవితాన్ని మార్చేసింది. ముందు ఒక బ్రాహ్మణ యువకుడు వచ్చి, చిన్న వయసులో ఉన్న తన భార్య ప్రసవం కాక అల్లాడుతోందని, వచ్చి చూడమని ఐడాను వేడుకున్నాడు. తాను డాక్టరును కానని, తన తండ్రి వస్తారని ఐడా చెప్పింది. పరాయి మగవాడు తమ ఇంటి ఆడదాన్ని చూడటం కుదరదని ఆయన వెళ్ళిపోయాడు. అదే రాత్రి ఒక ముస్లిం, ఆ తర్వాత పెద్ద కులానికి చెందిన మరో హిందువు అదే కష్టంతో వచ్చారు. అదే జవాబు విని వాళ్ళూ వెళ్ళిపోయారు. తెల్లవారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు. వీధిలో సాగిన చావు డప్పు విని, తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళి తాను డాక్టరీ చదువుతానని చెప్పింది.

ఆ ముగ్గురు ఆడవాళ్ళ పేర్లు చరిత్రలో లేవు. ఊరిలో డాక్టరు ఉన్నాడు, మందులూ ఉన్నాయి. వైద్యం లేక వాళ్ళు పోలేదు, వైద్యం గడప దాటి లోపలికి రాలేక పోయారు. ఐడా ఆ రాత్రి గ్రహించింది ఇదే.

1895లో ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో చేరింది. న్యూయార్క్‌లోని కార్నెల్ వైద్య కళాశాల ఆడపిల్లలను చేర్చుకోవడం మొదలుపెట్టగానే అక్కడికి మారి 1899లో పట్టా పుచ్చుకుంది. వేలూరులో ఆడవాళ్ళకు ఆసుపత్రి కట్టాలని బయల్దేరే ముందు చందాలు అడిగింది. షెల్ అనే బ్యాంకరు చనిపోయిన తన భార్య పేరిట 10,000 డాలర్లు ఇచ్చాడు. 1900 సంవత్సరం మొదలయ్యేసరికి స్నేహితురాలు ఆనీ హాంకాక్‌తో కలిసి ఈ గడ్డ మీద దిగింది.

దిగిన కొద్ది నెలలకే తండ్రి కన్నుమూశారు. పక్కన నిలబడి నేర్పే పెద్ద డాక్టరు లేడు, వయసు ముప్పై నిండలేదు, పైగా ఆడమనిషి. మొదట్లో జనం నమ్మలేదు. ఇంట్లోనే ఒక చిన్న గదిలో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. ఒకరికి నయమైతే ఆ మాట పదిమందికి పాకింది. రెండేళ్ళలో వేలమంది వచ్చారు. 1902లో 40 మంచాలతో మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరిచారు. 1909లో నర్సుల బడి పెట్టింది. ఆడపిల్ల పరాయివాళ్ళ ఒళ్ళు ముట్టుకుని సేవ చేయడం నీచమనుకునే రోజుల్లో అది చిన్న సంగతి కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆసుపత్రి కట్టినా పల్లెల నుంచి అందరూ రాలేకపోయేవారు. వచ్చినవాళ్ళు కూడా జబ్బు ముదిరాక వచ్చేవారు. మందు తీసుకుని వెళ్ళినవాళ్ళు మళ్ళీ కనిపించేవారు కాదు. కూలి పోగొట్టుకుని ఇరవై మైళ్ళు నడిచి వారం వారం ఎవరొస్తారు? అందుకని ఐడా తానే వాళ్ళ దగ్గరికి బయల్దేరింది. మొదట ఎద్దుబండి మీద వెళ్ళింది. తర్వాత కానుకగా ఒక చిన్న పెజో కారు వచ్చింది. ఎద్దులు లేకుండా కదిలే బండిని చూసి దయ్యమనుకుని జనం పొలాల్లోకి పరుగెత్తారని చెబుతారు. కొన్నాళ్ళకు అదే జనం రోడ్డు పక్కన ఆ బండి చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చునేవారు.

వేలూరు నుంచి గుడియాత్తం దాకా వారం వారం సాగేది ఆ ప్రయాణం. దారిలో ఫలానా ఊరి దగ్గర, ఫలానా చెట్టు కింద ఆగాలని ముందే నిర్ణయం. బండి ఆగేసరికి జనం గుమిగూడేవారు. డాక్టరమ్మ నాడి చూసేది, నర్సులు పుండ్లు కడిగి కట్టు కట్టేవారు, సీసాల్లో మందు పోసిచ్చేవారు. చేతికి మందు ఇస్తే సరిపోదు. ఎలా వాడాలో, ఎన్నాళ్ళు వాడాలో, ఎందుకు శుభ్రంగా ఉండాలో నోటితో చెప్పాలి. వచ్చే వారం అడిగి చూడాలి. మానేస్తే మళ్ళీ చెప్పాలి. ఆమె మిషనరీ కాబట్టి మతబోధ కూడా ఆ ప్రయాణాల్లో ఒక భాగమే. ఆ మాట దాచనక్కర్లేదు. కానీ చెట్టు కింద కూర్చున్నవారికి కులం, మతం అడిగి మందు ఇవ్వలేదు. ఆ రోడ్డు వైద్యానికి ఇంగ్లీషులో ఉన్న పేరే మన నాలుకల మీద రోడ్‌సైడ్ అయింది.

ఆ చెట్ల కిందికి కుష్ఠురోగులు కూడా వచ్చేవారు. ఊళ్ళోకి రానివ్వరు, బస్సెక్కనివ్వరు. వాళ్ళకు ఆ రోడ్డు పక్క చెట్టే ఆసుపత్రి. అప్పట్లో ఉన్న మందు చాల్‌మూగ్ర నూనె సూది ఒక్కటే. అది నెలలు, ఏళ్ళ తరబడి వేయించుకోవాలి. ఒక్కసారి వేస్తే పోయే జబ్బు కాదది. దీర్ఘకాలం వెంట ఉండే రోగానికి దీర్ఘకాలం వెంట ఉండే వైద్యం కావాలి. వారం తప్పకుండా ఆ బండి రావడమే అక్కడ సగం మందు.

తర్వాత వేలూరుకు రాబర్ట్ కాక్రేన్, పాల్ బ్రాండ్ లాంటి పెద్ద వైద్యులు వచ్చారు. 1955లో దగ్గరలోని కరిగిరిలో కుష్ఠు పరిశోధన కేంద్రం వెలిసింది. కుష్ఠులో కాళ్ళు, వేళ్ళు కుళ్ళి వాటంతట అవే రాలిపోవని, స్పర్శ పోవడం వల్ల దెబ్బ తెలియక పుండ్లు పడి అలా అవుతాయని బ్రాండ్ గారు చూపించారు. మెత్తని చెప్పులు వేసుకోవడం, రోజూ పాదం చూసుకోవడం నేర్పితే కాలు నిలుస్తుందని తేలింది. స్పర్శ పోయిన షుగరు పాదానికి కూడా అదే జాగ్రత్త పనికొచ్చింది.

ఇక్కడ నా ఇంటి మాట ఒకటి చెప్పుకోవాలి. మా నాన్నగారికి షుగరు ఉందని తేలినప్పుడు ఆరు నెలలు మందు వేసుకుని, ఒంట్లో బాగుందని మానేశారు. నేను ఆఫీసులో ఫైళ్ళు సర్దుకుంటూ అడగలేదు. కాలికి ముల్లు గుచ్చుకున్న సంగతి ఆయనకు తెలియనేలేదు. చివరికి రెండు వేళ్ళు తీసేశారు. మందు షాపులో ఉంది, డబ్బు నా జేబులో ఉంది. పాదం చూసుకోమని చెప్పేవాళ్ళు, వారం వారం అడిగేవాళ్ళు లేకపోయారు. తిండివనం రాత్రి కథ చదివినప్పుడల్లా నాకు ఇది గుర్తుకొస్తుంది.

మళ్ళీ ఐడా దగ్గరికి వద్దాం. ఒక్కతే ఎన్ని చెట్ల కింద కూర్చోగలదు? ఈ దేశపు ఆడపిల్లలనే డాక్టర్లుగా తయారు చేయాలనుకుంది. మద్రాసు ప్రభుత్వ వైద్య శాఖ పెద్ద, ముగ్గురు కూడా చేరరేమోనని నవ్వాడట. 1918 ఆగస్టులో బడి తెరిచేసరికి అంతకు ఎన్నో రెట్లు దరఖాస్తులు వచ్చాయి. ఇరవై మంది లోపు చేర్చుకున్నారు. మొదటి ప్రభుత్వ పరీక్షకు కూర్చున్న 14 మందీ గట్టెక్కారు. మగపిల్లల బడుల్లో ఆ ఏడు ఎక్కువమంది తప్పారు. ఆ పిల్లలను కూడా ఆమె రోడ్‌సైడ్‌కు తీసుకువెళ్ళేది. పుస్తకంలో లేని పాఠం పల్లెలో ఉందని ఆమె నమ్మకం.

1930ల చివర్లో ప్రభుత్వం పాత డిప్లొమా చదువు చాలదు, ఎం.బి.బి.ఎస్. ఉండాలంది. అంటే కొత్త భవనాలు, పెద్ద ఆచార్యులు, బోలెడు డబ్బు. లేదంటే మూసేయాలి. డెబ్బై దాటిన వయసులో ఐడా 1941లో అమెరికా వెళ్ళి, యుద్ధకాలమంతా ఊరూరా తిరిగి విరాళాలు అడిగింది. మగపిల్లలనూ చేర్చుకుంటే తప్ప డబ్బు, గుర్తింపు రెండూ కుదరవని తేలింది. ఆడపిల్లల కోసమే పెట్టిన బడి కదా అని పాత స్నేహితులే ఆమెను నిందించారు. ఆమె బాధపడింది, కానీ బడి బతకాలని ఒప్పుకుంది. 1942లో ఎం.బి.బి.ఎస్. వచ్చింది, 1947లో మగపిల్లలు చేరారు.

ఆ మరుసటి ఏడే, అంటే 1948లో, ఆ సంస్థ పగ్గాలు పట్టింది మన తెలుగావిడ. విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్ ఆ పదవి చేపట్టిన తొలి భారతీయురాలు. 1954 దాకా నడిపించారు. మన పిల్లలకు ఈ పేరు తప్పక చెప్పాలి.

ఐడా 1946లో బాధ్యతలు వదిలి కొడైకెనాల్‌లో ఉన్నారు. ఊరు, వీధి లేకుండా డాక్టర్ ఐడా, ఇండియా అని మాత్రమే రాసిన ఉత్తరం ఆమెకు చేరిందని చెబుతారు. 1960 మే 24న, 89 ఏళ్ళ వయసులో అక్కడే కన్నుమూశారు. పెళ్ళి చేసుకోలేదు.

ఆమె తిరిగిన గుడియాత్తం దారిలోనే కె.వి.కుప్పం దగ్గర 1977లో రూహ్సా అనే గ్రామీణ ఆరోగ్య కేంద్రం వచ్చింది. బాగాయం నుంచి కణియంబాడి పల్లెలకు ఆరోగ్య కార్యకర్తలు, నర్సులు, డాక్టర్లు వంతులవారీగా వెళ్ళే పద్ధతి ఏర్పడింది. నాటి జ్వరాలు, ప్రసవాల స్థానంలో ఇప్పుడు ఆ పల్లెల్లోనూ షుగరు, బీపీ పెరిగాయి. జబ్బు మారింది, చెట్టు కింది పాఠం మారలేదు. ఆసుపత్రి శాఖ ఒకటి మన చిత్తూరు వైపూ వచ్చింది. 2022లో ఆమె పుట్టిన రాణిపేటలోనే పెద్ద కొత్త ఆసుపత్రి తెరిచారు.

మన సంఘం ఆసుపత్రి కట్టలేదు. డాక్టర్లం కాము, మందు మార్చే అధికారం మనకు లేదు. కానీ వారం వారం అడగగలం. నెలకో ఆదివారం సంఘం గదిలో బీపీ, షుగరు చూపించే ఏర్పాటు చేద్దామని సభ్యులు ఒప్పుకున్నారు. విశ్రాంత నర్సమ్మ ఒకరు వస్తానన్నారు. ప్రతి ఇంటికీ తెలుగులో ఒక చిన్న నోటుపుస్తకం ఇచ్చి, అంకెలు, తేదీ, డాక్టరు రాసిన మందు నేనే రాస్తాను. ముప్పై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, ఆ పని నాకు చేతనవును. రానివాళ్ళ ఇంటికి ఎవరో ఒకరం వెళ్దాం. ఇంట్లో ఆడవాళ్ళు మాకేం లేదని తప్పించుకుంటారు, వాళ్ళను ముందు కూర్చోబెడదాం.

మీ ఊరి సంఘాలు కూడా ఇలాంటిది ఏదైనా చేస్తుంటే రాయండి, మేమూ నేర్చుకుంటాం. ఈ రాత్రి పడుకునే ముందు మీ ఇంట్లో షుగరున్న పెద్దవాళ్ళ పాదాలు ఒకసారి దీపం వెలుగులో చూడండి. మందు వేసుకున్నారా అని అడగండి.

ఇట్లు,
మీ సంఘ కార్యదర్శి